అంటు అని రాసిన చీటీ

నాడె కన్నం దగ్గర నెత్తురు మరకను మొదట చూసినవాడు రాయమల్లు. 1979 ఆగస్టులో ఒక సోమవారం పొద్దున, కొత్తవాడలో నేతగాళ్ళ సంఘం నడిపే షెడ్డులో చూశాడు. షెడ్డులో పన్నెండు మగ్గాలున్నాయి. మగ్గాలు సంఘానివి, పడుగులో అటూ ఇటూ పరిగెత్తి నూలు వేసే నాడెలూ సంఘానివే. సాయంత్రం నాడెలన్నీ గంపలో వేసి ఇంటికి పోతారు. పొద్దున ఎవరి చేతికి ఏది అందితే అది తీసుకుంటారు.

నాడెలో నూలు చుట్టిన కండె అయిపోగానే కొత్త కండె పెట్టాలి. కండె నూలు కొసను నాడె పక్కనున్న కన్నంలోంచి బయటికి తేవాలి. దానికి ఇనుప కొక్కెం ఉంది, గోడకు మేకు మీద వేలాడుతూ ఉంటుంది. దాన్ని ఎవరూ ముట్టరు. కన్నానికి పెదవులు ఆనించి ఒక్కసారి లోపలికి పీలిస్తే నూలు కొస నాలుక మీదికి వస్తుంది. రోజుకు ఎనభై తొంభై సార్లు పీలుస్తారు. కొక్కెం పళ్ళూడిన ముసలివాళ్ళ పనిముట్టని షెడ్డులో ఒక లెక్క.

"సారంగపాణి బావా," రాయమల్లు నాడెను పైకెత్తి చూపించాడు. "గీ కాలిన గుర్తున్న నాడె నిన్న నీ తాన్నే ఉండె గదా? ఆకు నమిలినవా, అక్కతోని కొట్లాడి పెదవి పగలగొట్టిచ్చుకున్నవా?"

మిగతా మగ్గాలన్నీ నవ్వాయి. సారంగపాణి నవ్వలేదు, జవాబు చెప్పలేదు. దాంతో నవ్వు ఆగిపోయింది. నలభై ఒక్కేళ్ళ సారంగపాణి ఆ షెడ్డులో జవాబు బాకీ ఉంచే మనిషి కాడు. మగ్గాల చప్పుడు మీదుగా ఒక మూల నుంచి ఇంకో మూలకు మాట విసిరేవాడు.

రెండు నెలలుగా అతని నోట్లో పొక్కులు లేస్తున్నాయి. లేచిన పొక్కు పూట దాటక ముందే చితికి పుండవుతోంది. కారం తినడం మానేశాడు. భార్య సరోజన అన్నంలో మజ్జిగ పోసి మెత్తగా పిసికి పెడుతోంది. ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. నాడె చెప్పింది.

షెడ్డు మేస్త్రీ యాకయ్య వచ్చి నాడెను వెలుగులో తిప్పి చూశాడు.

"పాణీ, లే. దవాఖానకు పోయి చీటీ తే. అందాక మగ్గం మీద కూసోకు."

"ఏం చీటీ?"

"అంటుడు రోగం గాదని. అందరం నోరు పెట్టేది గా నాడెకే గదా. నా మీద కోపం జెయ్యకు."

అతను మగ్గం మీంచి లేచాడు. మళ్ళీ అక్కడ కూర్చోవడానికి పద్నాలుగు నెలలు పట్టింది.

* * *

చౌరస్తా దగ్గర మేడ మీద రాజేశ్వర్ రావు పళ్ళ దవాఖాన ఉండేది. రాజేశ్వర్ రావు సారంగపాణి నోట్లోకి టార్చి వేసి చూశాడు. అర నిమిషం కూడా కాలేదు.

"ఏం పని జేస్తవు?"

"నేత సారూ."

"నూలు నోట్లె పెడ్తవా?"

"నాడె పీలుస్త."

"రంగు నూలేనా?"

"అప్పుడప్పుడు రంగు నూలు గూడ ఉంటది."

"గదే మరి. రంగంత చిగుర్లకు పట్టింది. పయోరియా అయింది. పండ్లు తీస్తే చిగుర్లు వాటంతట అవే మానుతయ్."

సారంగపాణికి ఆ మాట సబబుగానే తోచింది. సరోజనకూ తోచింది. షెడ్డులో వాళ్ళకు ఇంకా బాగా తోచింది. రంగు నూలు పీలిస్తే నోరు పాడవుతుందని వాళ్ళ తాతల నాటి నుంచీ అనుకుంటున్నదే. ఒక డాక్టరు కూడా అదే అన్నాక అడగాల్సింది ఏమీ మిగల్లేదు. ఇద్దరు నేతగాళ్ళు వారం రోజులు కొక్కెం పట్టి, పని సాగక మళ్ళీ పీల్చడం మొదలుపెట్టారు.

సంఘానికి చూపించడానికి డాక్టరు చీటీ రాశాడు: చిగుళ్ళ వ్యాధి. అంటు. నయమయ్యే వరకు పనిలో కూర్చోరాదు.

మూడు వారాల్లో మూడుసార్లు పళ్ళు తీశాడు. మొదటిసారి ఐదు, రెండోసారి ఐదు. మూడోసారి నాలుగు. ఆ మూడోసారి, సూది వేసే ముందు, చిగురు తుడవడానికి డాక్టరు దూది పెట్టి లాగాడు. దూదితో పాటు చిగురు పైపొర వచ్చింది. రూపాయి బిళ్ళంత. సారంగపాణి కళ్ళు తెరిచే ఉన్నాడు. డాక్టరు దూదిని దీపం కిందికి తెచ్చి చూడడం చూశాడు. ఆ చూపు ఒకటి రెండు క్షణాలు ఆగింది. తర్వాత దూదిని పళ్ళెంలో పడేశాడు.

"చిగురు కుళ్ళింది," అన్నాడు.

ఆ పూట నాలుగో పన్ను తీసేటప్పుడు లోపల ఏదో పుటుక్కుమంది.

"లోపట ఏమన్న ఇరిగిందా సారూ?"

"ఏం లేదు. నోరు తెర్వు."

లేచి పోయేటప్పుడు సారంగపాణి చొక్కా గుండీ విప్పబోయాడు. "సారూ, ఈపు మీద గూడ పొక్కులు లేస్తానయ్. జర చూడుండ్రి."

"నేను పండ్ల డాక్టర్నయ్యా. ఈపుకు వేరే డాక్టరుంటడు. తర్వాత ఎవరు, రమ్మను."

* * *

పళ్ళు తీసిన చోట చిగుళ్ళు మానలేదు. రాజేశ్వర్ రావు పుక్కిలించే మందు రాశాడు, అది వేసుకుంటే సారంగపాణి గోడ పట్టుకొని నిలబడేవాడు. ఎడమ దవడ వాచింది. సంక్రాంతి నాటికి వీపు మీద చొక్కా నిలవలేదు. పొక్కులు చితికి బట్టకు అంటుకునేవి. సరోజన నీళ్ళతో తడిపి తడిపి చొక్కాను విడదీసేది. అతను మాట్లాడడం మానేశాడు. మాట్లాడితే పెదవి మూల చీలేది.

సరోజన ఇంట్లో కండెలు చుట్టి ఇల్లు నడిపింది. ఆమె చుట్టిన కండెల్ని యాకయ్య మనిషి గుమ్మం బయట నిలబడి తీసుకునేవాడు, లోపలికి వచ్చేవాడు కాదు. ఒకనాడు కండెల మీద నీళ్ళు చల్లి తీసుకున్నాడు.

"మంచిగ కడుక్కో," అంది సరోజన. "చెయ్యి గూడ కడుక్కో. మొకం గూడ కడుక్కో, సిగ్గన్న పోతది."

ఫిబ్రవరిలో ఆమె అతన్ని బస్సెక్కించి హనుమకొండ తీసుకుపోయింది. అక్కడ నిర్మల అనే చర్మం డాక్టరు ఉండేది. సారంగపాణి వీపు చూపించాడు. ఆమె చూసింది, పుండు లేని చోట వేలితో మెల్లగా నొక్కి జరిపింది. చర్మం వేలితో పాటు జరిగింది. ఆమె చేయి తీసేసింది.

"నోరు తెరవండి."

"ఈపు కోసమొచ్చినమమ్మా," అంది సరోజన. "నోటికి పండ్ల డాక్టరు చూసిండు."

"నేనూ చూస్తాను. తెరవండి."

ఆమె చాలాసేపు చూసింది. మొదట ఎక్కడ మొదలైంది, నోట్లోనా వీపు మీదనా అని అడిగింది. నోట్లోనే అని సరోజన చెప్పింది. పొక్కు ఎన్నాళ్ళు ఉంటుంది, నీళ్ళు మింగితే నొప్పా, గొంతు బొంగురు పోయిందా అని అడిగింది. చివర అడిగింది:

"ఈ పళ్ళు ఎందుకు తీశారు?"

సారంగపాణి చీటీ ఇచ్చాడు. ఆమె చదివి బల్ల మీద పెట్టింది.  

పొక్కు అంచు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు హైదరాబాదు పంపింది. పన్నెండు రోజులకు రిపోర్టు వచ్చింది.

"దీని పేరు పెంఫిగస్," అంది నిర్మల. "మన ఒంట్లో రోగాల్ని ఆపడానికి ఉన్న శక్తే దారి తప్పి సొంత చర్మం మీద పడుతుంది. చర్మంలో పొరల్ని, నోట్లో పొరల్ని విడగొడుతుంది. చాలామందికి నోట్లోనే మొదలవుతుంది. నూలు వల్ల కాదు. రంగు వల్ల కాదు. పళ్ళ వల్ల కాదు."

"అంటుకుంటదా?" సారంగపాణి అడిగాడు. ఆ నెలలో అతను మాట్లాడిన మొదటి మాట అది.

"అంటుకోదు. ఎవరికీ, ఎప్పుడూ."

"మరి పండ్లు తీస్తె తగ్గుడు?"

"తగ్గదు. ఇంకా పెరుగుతుంది."

పొద్దున్నే పదహారు మాత్రలు మింగమంది. వాటితో మొహం వాస్తుందని, చక్కెర పెరగొచ్చని, చెప్పకుండా ఆపితే ప్రాణానికి ముప్పని చెప్పింది. ఇంకో నాలుగు నెలలు ఇలాగే పోయి ఉంటే మిమ్మల్ని చూసేదాన్ని కాదేమో అని కూడా చెప్పింది.

* * *

మాత్రలు పనిచేశాయి. వీపు ఆరింది, నోట్లో పుండ్లు తగ్గాయి. ఎడమ దవడ వాపు మాత్రం పోలేదు. ఎక్స్‌రే ఫోటో తీస్తే లోపల విరిగిన పంటి వేరు కనిపించింది. నిర్మల ఉత్తరం రాసి హైదరాబాదులో లక్ష్మీనారాయణ అనే పళ్ళ సర్జన్ దగ్గరికి పంపింది. ఆయన ఆ రోజే ముట్టుకోలేదు. నోరు ఇంకా చల్లబడాలని రెండు నెలలు ఆగమన్నాడు. జులైలో రమ్మన్నాడు.

జులైలో పోయిన పొద్దున మాత్రల మోతాదు పెంచి, ఒక సూదిమందు కూడా ఇచ్చారు. లక్ష్మీనారాయణ మొదట సారంగపాణి పెదవులకు వాసెలిన్ రాశాడు. తర్వాత తన చేతి తొడుగులకు రాశాడు, నోట్లో పెట్టే ప్రతి పనిముట్టుకూ రాశాడు.

"దూది పెట్టం," అన్నాడు. "తుడవం. నీళ్ళు చుక్కలుగా పోస్తాం, గొట్టంతో తీస్తాం. గొట్టం చిగురుకు తగలదు. తగిలితే చెయ్యెత్తండి, ఆపుతాను."

ఆ ఒక్క వేరు తీయడానికి నలభై నిమిషాలు పట్టింది. రెండుసార్లు సారంగపాణి చేయెత్తాడు. రెండుసార్లూ ఆయన ఆపాడు. కుట్టు వేసే ముందు సూది ఎక్కడ దించాలో వెతుక్కున్నాడు. పడుగులో పోగు తెగితే నేతగాడు అతుకు వేయడానికి చోటు వెతుక్కున్నట్టే వెతుక్కున్నాడు. చిగురు చిరగలేదు. వారానికి మానింది.

తిరుగు రైల్లో సరోజన అతని మొహం చూసి, నొప్పి లేచిందనుకుంది.

"మాత్ర ఇయ్యాల్నా?"

అతను తల అడ్డంగా ఊపాడు. నొప్పి కాదు. ఏడాది పాటు ఇది తన రాత అనుకున్నాడు. ఒంట్లో పుట్టిన రోగానికి ఎవర్నని అంటాం అనుకున్నాడు. ఇప్పుడు కుర్చీలో పడుకొని లక్ష్మీనారాయణ చేతులు చూశాక తెలిసింది. రోగం రాత కావచ్చు. పద్నాలుగు పళ్ళు రాత కాదు. అది పని. చెడగొట్టిన పని. పడుగు చిక్కుపడితే లాగకూడదని, ఎక్కడ పట్టుకుందో ముందు చూడాలని నేతలో చేరిన మొదటి రోజు చెప్తారు. రాజేశ్వర్ రావు లాగాడు. చూడక లాగి ఉంటే ఒక మాట. దూదిని దీపం కిందికి తెచ్చి చూసి లాగాడు.

కాజీపేట దాటేదాకా అతను పిడికిలి విప్పలేదు.

* * *

నిర్మల ఇంగ్లీషులో ఉత్తరం రాసిచ్చింది. రోగం పేరు, అంటుకోదన్న మాట, సంతకం, ముద్ర. యాకయ్య దాన్ని సంఘం కమిటీకి చూపించి మూడు రోజులకు వాపసు తెచ్చాడు.

"కమిటోళ్ళు ఒప్పుకుంటలేరు పాణీ. అంటు అని రాసిన డాక్టరే లేదని రాయాలెనట. ఒకలు రాసింది ఇంకొకలు కొట్టేస్తే రేపు అందరు గిట్లనే తెస్తరంటాండ్రు."

"ఆయన రాసింది తప్పు."

"ఆ తప్పు ఆయన్నే దిద్దమను. నేనేం జెయ్యాలె?"

సెప్టెంబరు మొదట్లో సారంగపాణి, సరోజన మళ్ళీ ఆ మేడ ఎక్కారు. బయట బెంచీ మీద ముగ్గురు కూర్చొని ఉన్నారు. రాజేశ్వర్ రావు అతన్ని చూసి నవ్వాడు.

"ఏందయ్యా, మొకం నిండింది! తిండి మంచిగ పడ్తాన్నట్టుంది."

మొహం మాత్రలతో వాచింది. సారంగపాణి రిపోర్టు బల్ల మీద పెట్టాడు. డాక్టరు చదివాడు. ఒకచోట కన్ను ఆగింది. కాగితం మడిచాడు.

"ఇది చర్మం జబ్బు. నాకేం సంబంధం?"

"నోట్ల గూడ ఇదే. ఈ రోగానికి పండ్లు తీసుడు మందు గాదట."

"అప్పుడు నీకు పయోరియా గూడ ఉండె. రెండు రోగాలు ఒక్కపారే ఉండొచ్చు."

"దూది పెట్టి లాగితే చిగురు పొర దూదికొచ్చింది. దీపం కింద పట్టి చూసినవు."

"నాకు యాదికి లేదు."

"నాకున్నది. నువ్వు చూస్తాంటే నేను చూసిన." సారూ అన్న మాట రాలేదు. సరోజన అతని చొక్కా చెయ్యి పట్టి లాగింది. అతను విడిపించుకున్నాడు. "కుళ్ళింది అన్నవు. కుళ్ళలే. ఏమైందో నీకు తెల్వలే. తెల్వదని ఒక్క మాటంటే, ఇంకో డాక్టర్ తానికి పోదుము. తెల్వదనుడు అంత కష్టమా?"

బెంచీ మీద ఒకతను లేచి తలుపు దాకా వచ్చాడు. డాక్టరు లేచి తలుపు వేశాడు.

"లొల్లి చెయ్యకు. నీకేం గావాలె? కట్టుడు పండ్లా? పైసలద్దు, చేసిస్త."

"ఈ చిగుర్ల మీద కట్టుడు పండ్లు పెడ్తే మళ్ళ లేస్తయ్. గది గూడ నీకు తెల్వదు."

రాజేశ్వర్ రావు కలం మూత తీశాడు. తర్వాత కాగితం తీసి రాసి, ముద్ర వేసి, సరోజన వైపు జరిపాడు. సారంగపాణి వంగి చదివాడు: పయోరియాకు నా వద్ద చికిత్స పొంది, పూర్తిగా నయమైనాడు. ఇప్పుడు అంటు లేదు. పనికి పోవచ్చును.

"ఇది అబద్ధం."

"నీకు మగ్గం గావాల్నా, నా సంతకం మీద పంచాయితి గావాల్నా?"

అతను కాగితం చింపడానికి చేయి చాచాడు. సరోజన ముందే తీసి కొంగున కట్టేసింది.

మెట్లు దిగాక ఇద్దరూ రోడ్డు మీద నిలబడి కొట్లాడుకున్నారు.

"ఏడాది నోరు లేకుండ ఉంటివి, గిప్పుడే రావాల్నా నోరు?" అంది సరోజన. "కాయితం కాయితమే. మొదలు మగ్గం మీద కూసో. నిజం ఏడికి పోదు."

"నిజం గీ కొంగుల ముడేసినవు."

"ముడేస్త. ఏడాది నీ చొక్కాలు నీళ్ళు పోసి ఊడదీసింది నేను. నేనేసిన ముడి నువ్వు ఇప్పకు."

నెలాఖరున ఆ ముడి ఆమే విప్పి కాగితం ఇచ్చింది. సారంగపాణి ఆ అబద్ధం జేబులో పెట్టుకొని అక్టోబరు ఒకటిన షెడ్డుకు పోయాడు.

* * *

యాకయ్య కాగితాన్ని మగ్గాల మధ్య నిలబడి పైకి చదివాడు. అందరూ మగ్గాలు ఆపి విన్నారు.

"చూసిండ్రా?" అన్నాడు యాకయ్య. "పండ్లు పోతే పోయినయ్, మనిషి బతికిండు. మంచి చెయ్యి ఆ డాక్టర్ది."

సారంగపాణి తన పాత మగ్గం గుంటలోకి దిగాడు. నూలును కొట్టి బిగించే పలక మీద చెయ్యి పెట్టాడు. తొక్కుడు బద్దెలు కాళ్ళకు తెలిశాయి. గంపలోంచి నాడె తీసుకున్నాడు. కాలిన గుర్తున్నదే వచ్చింది.

పక్క మగ్గం మీంచి రాయమల్లు వంగాడు.

"బావా, మంచిగైతివి గదా, నాకు ధైర్నమొచ్చింది. మా అవ్వకు గూడ గట్లనే ఉన్నది. నెల రోజులాయె, నోరంత పొక్కింది, మెతుకు మింగుతలేదు. కండెలు చుట్టేటప్పుడు నూలు కొస నోట్లె తడుపుతది గదా, గదే పట్టిందంటాండ్రు. రేపు బేస్తారం ఆ రాజేశ్వర్ రావు తానికే తోల్కపోత. ఉన్న పండ్లు పదో పన్నెండో, తీస్తే తీసిండు. ఏమంటవ్?"

రాయమల్లు తల్లి మల్లవ్వ. సారంగపాణి నేత నేర్చుకునే రోజుల్లో అతనికి కండెలు చుట్టి ఇచ్చింది ఆమే.

సారంగపాణి నాడెను పలక మీద పెట్టాడు. గుంటలోంచి లేచాడు. యాకయ్య దగ్గరికి పోయి, అతని చేతిలోని కాగితం తీసుకొని, రెండుగా చింపాడు. మళ్ళీ నాలుగుగా చింపాడు.

"పిచ్చి లేసిందారా?" యాకయ్య ముక్కల కోసం వంగాడు. "అది లేకుంటే నువ్వీడ కూసునుడు లేదు!"

"అది అబద్ధం," అన్నాడు సారంగపాణి. అందరికీ వినిపించేలా అన్నాడు. పెదవి మూల చీలింది, ఉప్పగా తగిలింది. ఆగలేదు. "ఆయన నన్ను బాగు చెయ్యలే. నాకు పయోరియా లేదు. రంగు నూలు గాదు. నాడె గాదు. ఆ రోగం ఎవలికీ అంటేది గాదు, ఏడాది కింద గూడ అంటేది గాదు. పద్నాలుగు పండ్లు ఉత్తగ పీకిండు. పొర ఊడొస్తాంటే చూసుకుంట పీకిండు. నన్ను బాగు చేసింది హనుమకొండల నిర్మలమ్మ. గీ కాయితం పట్టుకొని నేనీడ కూసుంటే, మల్లవ్వత్త పోయి ఆ కుర్చీల కూసుంటది."

యాకయ్య నేల మీది ముక్కలు ఏరుకున్నాడు. 

"మా అవ్వది గూడ నీ రోగమేనా బావా?" రాయమల్లు అడిగాడు.

"నాకేం తెల్సు? మామూలు నోటిపూత గూడ కావచ్చు. నేను డాక్టర్ను గాదు. ఏందో చూడకముందే పీకొద్దంటాన. రేపు హనుమకొండ తోల్కపోదాం. నేనొస్త. ఆమె మొదలు నోరు తెరిపిచ్చి చూస్తది."

"కమిటీ సాయంత్రం కూసుంటది," అన్నాడు యాకయ్య. ముక్కలు అతని చేతిలోనే ఉన్నాయి. "నిన్ను లేపమంటరు. నేను ఆపలేను పాణీ."

"రమ్మను. లేపేటోళ్ళను ఈడికి రమ్మను. నిర్మలమ్మ ఉత్తరం ఇంగ్లీషుల ఉంటే చదివిచ్చుకోమను. చదువుడు రాకుంటే నన్నడగమను, నోరు తెరిచి చూపెడ్త. ఆయన అర నిమిషం చూసిండు. వీళ్ళు ఎంతసేపన్న చూడనీ."

గోడ దగ్గరికి పోయాడు. మేకు మీంచి కొక్కెం తీశాడు. దుమ్ము లుంగీకి తుడిచాడు. గుంటలోకి దిగి, నాడెలో కొత్త కండె పెట్టి, కన్నంలోకి కొక్కెం దూర్చాడు. నూలు కొస దొరకలేదు. మళ్ళీ దూర్చాడు. వేళ్ళకు అలవాటు లేదు. రాయమల్లు అందుకోబోయాడు.

"ఇటియ్యి బావా, నేను పీలుస్త."

"ఉండనీ."

నాలుగోసారి నూలు వచ్చింది. పెదవి మూల నెత్తురు చేతి వెనుక వైపుతో తుడుచుకున్నాడు, నూలుకు తగలకుండా. బద్దె తొక్కాడు. నాడె ఆ చివరికి పోయి తగిలింది, తిరిగి వచ్చింది.